నమ్మకం వేరు, ఆధారం వేరు
(గురుపీఠం నుంచి గణితం - 7వ భాగం: ప్రాగ్ గురువు బెర్నార్డ్ బోల్జానో)

గత భాగంలో జెసూట్ గురువు జిరోలమో సక్కేరి కథ చూశాం. యూక్లిడ్ చెప్పిన సమాంతర రేఖల నియమం తప్పనుకుంటే ఏమవుతుందో తేల్చుకుందామని బయల్దేరాడాయన. అసలైన వైరుధ్యం ఒక్కటీ ఎదురుపడకుండానే చాలా దూరం వెళ్లాడు. చివరికి, ఇదంతా సరళరేఖ స్వభావానికే పొసగదంటూ 1733లో వచ్చిన పుస్తకంలో తోసిపుచ్చాడు. ఆయన్ని ఆపింది తర్కం కాదు, మనసులో నాటుకుపోయిన బొమ్మ. సక్కేరి తర్వాత రెండు తరాలకు ప్రాగ్ నగరంలో మరో కతోలిక గురువు సరిగ్గా ఆ బొమ్మనే సాక్షిగా ఒప్పుకోనన్నాడు. ఆయనే బెర్నార్డ్ బోల్జానో. మన డిగ్రీ కళాశాలల్లో వాస్తవ విశ్లేషణ చదివినవాళ్లందరికీ బోల్జానో–వయర్‌స్ట్రాస్ సిద్ధాంతం పేరు గుర్తుంటుంది. ఆ జంట పేరులో మొదటివాడు పాఠ్యప్రణాళిక ప్రకారం గణితం చెప్పే ఉద్యోగం ఏనాడూ చేయలేదనీ, ఆయన చేసిన ఒక్క ఉద్యోగం మతబోధ అనీ, ఆ ఉద్యోగం కూడా చక్రవర్తి ఆజ్ఞతో ఊడిందనీ తెలిసినవాళ్లు తక్కువ. బోల్జానో గురించి సాధారణంగా రెండు కథలు వినిపిస్తాయి. గణితమే ప్రాణమైనవాడు బతుకుతెరువు కోసం గురువు అయ్యాడన్నది మొదటిది. మతం అణగదొక్కిన శాస్త్రవేత్త అన్నది రెండోది. సాక్ష్యాలన్నీ ఒకచోట పెట్టి చూస్తే రెండూ నిలవవు. ప్రసంగ వేదిక మీదా గణితపు రాతప్రతుల్లోనూ ఆయన పాటించింది ఒకే నియమం. ఒక సంగతి నిజమని మనకు గట్టిగా అనిపించడం వేరు, అది ఎందువల్ల నిజమో చూపించడం వేరు. ఆయన గణితానికి బలమిచ్చింది ఈ నియమమే, ఉద్యోగం పోగొట్టిందీ ఇదే.

బోల్జానో 1781 అక్టోబర్ 5న ప్రాగ్‌లో పుట్టాడు. తండ్రి ఉత్తర ఇటలీ నుంచి వచ్చి స్థిరపడిన కళాఖండాల వ్యాపారి, నగరంలో అనాథ శరణాలయం పెట్టించడంలో చేయి వేసినవాడు. తల్లి జర్మన్ మాట్లాడే ప్రాగ్ వర్తక కుటుంబపు ఆడపడుచు. పన్నెండు మంది సంతానంలో పెద్దవాళ్లయింది ఇద్దరే, బెర్నార్డ్, తమ్ముడు యోహాన్. బెర్నార్డ్‌ను కూడా క్షయ జీవితమంతా వెంటాడింది. పియరిస్టు గురువుల పాఠశాలలో చదివి 1796లో ప్రాగ్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం మొదలుపెట్టాడు. అక్కడ ఆయన్ని పట్టుకున్నది కెస్ట్నర్ రాసిన గణిత పాఠ్యపుస్తకం. అందరికీ తెలిసిన, ఎవరూ ప్రశ్నించని సంగతుల్ని కూడా కెస్ట్నర్ నిరూపించి చూపేవాడు. తెలిసినదాన్ని మళ్లీ నిరూపించడమెందుకని చాలామంది విసుక్కునే చోటే ఈ కుర్రాడికి గణితం రుచించింది. అందులో లెక్కల ఉపయోగం కంటే తత్వవిచారమే తనకు నచ్చిందని తర్వాత ఆయనే రాసుకున్నాడు.

1800లో వేదాంతవిద్యలో చేరాడు. 1804లో జ్యామితి మూలాల మీద చిన్న పుస్తకం అచ్చువేశాడు. అదే ఏడాది విశ్వవిద్యాలయంలో రెండు పీఠాలు ఖాళీగా ఉన్నాయి. ఒకటి ప్రాథమిక గణితానిది, రెండోది చక్రవర్తి ఫ్రాంజ్ కొత్తగా ఏర్పాటు చేసిన మతశాస్త్ర పీఠం. రెండింటికీ పోటీపడ్డాడు. గణితపీఠం యాందెరా అనే మరొకరికి దక్కింది, బోల్జానోకు మతశాస్త్రం వచ్చింది. 1805 ఏప్రిల్‌లో కొద్దిరోజుల తేడాతో గురుపట్టాభిషేకం, డాక్టరేటు, నియామకం మూడూ జరిగిపోయాయి. బతుకుతెరువు వాదం చేసేవాళ్లు పట్టుకునేది ఈ ఘట్టాన్నే. గణితం ఉద్యోగం దొరికి ఉంటే అంగీ వేసుకునేవాడే కాదంటారు. కానీ పీఠాలు ఖాళీ కావడానికి నాలుగేళ్ల ముందే వేదాంతవిద్యలో చేరాడన్న సంగతిని ఈ వాదం మరిచిపోతుంది. పైగా గురుత్వం ఆయన తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. క్రైస్తవ మతంలోని కొన్ని బోధల మీద ఆయనకు నిజమైన సందేహాలుండేవి. ఒక బోధను నమ్మడం వల్ల మనిషి నడవడికి మేలు జరిగేటట్లయితే ఆ నమ్మకం సమర్థనీయమే అని ఒక అధ్యాపకుడు చెప్పిన మాటతోనే ఆయన సమాధానపడ్డాడు.

ఇక్కడ మన వాదానికి గట్టి అభ్యంతరమే వస్తుంది. మేలు చేస్తుంది గనుక నమ్మొచ్చని సరిపెట్టుకున్నవాడు ఆధారం కోసం పట్టుబట్టే మనిషి ఎలా అవుతాడు? ఈ ప్రశ్నకు జవాబు ఆయన పాఠాల ఆధారంగా శిష్యులు 1834లో ఆయన పేరు లేకుండా నాలుగు సంపుటాలుగా అచ్చువేయించిన మతశాస్త్ర పాఠ్యగ్రంథంలో దొరుకుతుంది. ఒక బోధ దైవం వెల్లడించినదని అనాలంటే రెండు షరతులు పెట్టాడు. ఆ బోధ నీతికి మేలు చేసేదై ఉండాలి. దాన్ని దైవమే ధ్రువీకరించాడని చెప్పదగ్గ అసాధారణ సంఘటనలకు నమ్మదగిన సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యాన్ని తూచడానికి సంభావ్యతా సిద్ధాంతాన్ని తెచ్చిపెట్టాడు. ఆయన తీర్మానాలు మనకు నచ్చకపోవచ్చు. షరతులు రెండూ అర్థమైతే ఒప్పుకోవచ్చు, కాదంటే ఎక్కడ తప్పో వేలు పెట్టి చూపించవచ్చు. మేలు అనేది ఆయనకు నిరూపణకు బదులు వాడుకునే మాట కాదు, నిరూపణలో ఒక మెట్టు. నమ్మమని అడిగే ముందు ఎందుకు నమ్మాలో విడదీసి చెప్పాలన్న పట్టుదల అక్కడా కనిపిస్తుంది.

ఈ పట్టుదలను గణితంలో మొదట స్పష్టంగా పెట్టింది 1810లో. గణితాన్ని మరింత గట్టి పునాది మీద నిలబెట్టడానికి ఉద్దేశించిన చిన్న పుస్తకం అది. నిరూపణలు రెండు రకాలని అందులో తేల్చాడు. చదివేవాడికి సందేహం లేకుండా చేసేవి కొన్ని. ఆ సత్యం ఏ సత్యాల మీద నిలబడిందో చూపేవి కొన్ని. రెండో రకమే అసలైన శాస్త్రమన్నాడు. గణితం మన స్వచ్ఛమైన ఊహాదృష్టి మీద ఆధారపడుతుందన్న కాంట్ మాటను అదే పుస్తకం చివర అనుబంధంలో ఖండించాడు. జర్మన్ మాట్లాడే విద్యావంతులంతా కాంట్‌కు తలవంచుతున్న రోజుల్లో ముప్ఫై ఏళ్లైనా నిండని మతాధ్యాపకుడికి అది చిన్న సాహసం కాదు.

ఏడేళ్ల తర్వాత, 1817లో, ఆ మాటను పనిలో పెట్టి చూపించాడు. తీసుకున్న సంగతి చూడ్డానికి చాలా సాదా. తెగిపోకుండా సాగే ప్రమేయం, అంటే అవిచ్ఛిన్న ప్రమేయం, ఒకచోట సున్నా కంటే తక్కువగానూ మరోచోట ఎక్కువగానూ ఉంటే, ఆ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట సున్నా కావాలి. కాగితం మీద గీత గీసి చూపిస్తే చిన్నపిల్లాడైనా ఔనంటాడు, కింద నుంచి పైకి వెళ్లే గీత మధ్య రేఖను దాటక తప్పదు. ఇందులో అబద్ధం ఉందని బోల్జానో అనలేదు. ఇది నిజమే, అందరికీ స్పష్టమే, కానీ నిరూపణ కాదన్నాడు. సంఖ్యల గురించిన సాధారణ సత్యాన్ని జ్యామితి బొమ్మ నుంచి తీయడమంటే పునాదిని పైకప్పు మీద కట్టడమే. కాలం, చలనం పేరు చెప్పి చేసే నిరూపణలదీ ఇదే లోపం, అవి ఉదాహరణలే తప్ప ఆధారాలు కావు. సమీకరణాల మూలాల గురించి గాస్ 1799లో ఇచ్చిన ప్రసిద్ధ నిరూపణ కూడా జ్యామితి మీద ఆనుకున్నదేనని గౌరవంగానే, అయినా సూటిగా ఎత్తిచూపాడు.

ఇదంతా పండితుల చాదస్తమనిపిస్తే ఒక లెక్క చేసి చూడండి. x వర్గం నుంచి 2 తీసేయండి. x విలువ 1 అయితే –1 వస్తుంది, 2 అయితే +2 వస్తుంది. ఇప్పుడు మన దగ్గర భిన్నాలు తప్ప వేరే సంఖ్యలు లేవనుకోండి. గీత కింద నుంచి పైకి వచ్చేసింది, కానీ నడుమ ఏ భిన్నం దగ్గరా సున్నా కాలేదు, ఎందుకంటే 2 వర్గమూలం భిన్నం కాదు. బొమ్మలో ఆ ఖాళీ కనపడదు. పెన్సిల్ మందం కింద దాక్కుంటుంది. కాబట్టి సిద్ధాంతం నిలబడేది గీత నున్నగా ఉండటం మీద కాదు, సంఖ్యల వ్యవస్థకే ఉన్న ఒక గుణం మీద. ఆ గుణాన్ని పట్టుకున్నది బోల్జానో. ఆయన పద్ధతి ఇలా సాగుతుంది. 1తో మొదలుపెట్టి 1 కలిపితే 2, దాని వర్గం 4, ఎక్కువైపోయింది. సగం తగ్గించి 1.5, వర్గం 2.25, ఇంకా ఎక్కువే. మళ్లీ సగం, 1.25, వర్గం 1.5625, ఇది సరిపోయింది. దీన్ని ఉంచుకుని దానికి ఎనిమిదో వంతు కలిపితే 1.375, వర్గం 1.890625, ఇదీ సరే. పదహారో వంతు కలిపితే దాటిపోతుంది, వదిలేసి ముప్ఫై రెండో వంతు చూడాలి. ఇలా కలుపుకుంటూ పోయే మొత్తాలు ఒకదానికొకటి ఎంత దగ్గర కావాలంటే అంత దగ్గరవుతాయి గనుక, అవి చేరుకునే హద్దు ఒకటి ఉండి తీరాలన్నది ఆయన ప్రధాన సూత్రం. అవిచ్ఛిన్నతకు మన పాఠ్యపుస్తకాల్లో కనిపించే నిర్వచనమూ, ఫ్రెంచి గణితజ్ఞుడు కోషీ పేరుతో నేర్చుకునే అభిసరణ నియమమూ ఈ కొద్ది పుటల్లోనే ఉన్నాయి. కోషీ పుస్తకం వచ్చింది 1821లో.

ఆ హద్దు ఉండి తీరాలన్న సూత్రానికి బోల్జానో ఇచ్చిన నిరూపణ మాత్రం పూర్తి కాదని ఒప్పుకోవాలి. వాస్తవ సంఖ్య అంటే ఏమిటో ముందు నిర్వచించకుండా ఆ సంగతి తేలదు. ఆ నిర్వచనం 1870ల్లో గానీ రాలేదు. ఆధారం కోసం పట్టుబట్టినవాడే ఆధారం లేని మెట్టు ఎక్కాడు కదా అని ఎవరైనా అడగొచ్చు. అడగడం న్యాయమే. అయితే ఆ మెట్టు ఎక్కడుందో మనకు కనపడిందీ ఆయన మిగతా మెట్లన్నీ విడదీసి చూపినందువల్లనే. తర్వాతి కాలంలో సంఖ్యల వ్యవస్థను కట్టడానికి మళ్లీ పూనుకుని పెద్ద రాతప్రతినే మిగిల్చాడు, అంటే లోటు ఆయనకూ తెలిసినట్టే.

ఇక ప్రసంగ వేదిక దగ్గరికి వద్దాం. ఫ్రెంచి విప్లవం తెచ్చిన స్వేచ్ఛాభావాల నుంచి యువకుల్ని కాపాడటానికే చక్రవర్తి ఆ మతశాస్త్ర పీఠాలు పెట్టించాడు. ఆస్థాన గురువు యాకబ్ ఫ్రింట్ రాసిన పుస్తకాన్నే పాఠంగా చెప్పాలన్నది ప్రభుత్వం ఉద్దేశం. బోల్జానో దాన్ని పక్కన పెట్టి సొంత పాఠాలు తయారుచేసుకున్నాడు. వాటికి విద్యార్థులు నకళ్లు రాసుకుని పంచుకునేవారు. ఫ్రింట్ ఫిర్యాదులు మొదటి ఏళ్లలోనే మొదలయ్యాయి. అప్పటికి ప్రాగ్ అగ్రపీఠాధిపతి అండగా నిలబడటంతో గండం గడిచింది. ఆదివారాల్లో, పండగ రోజుల్లో బోల్జానో ఇచ్చే ప్రసంగాలకు వందలాది మంది వచ్చేవారు. వాటిలో ఆయన నీతికి పెట్టిన మూలసూత్రం ఒక్కటే. చేయగలిగిన పనుల్లో మొత్తం లోకానికి ఏది ఎక్కువ మేలు చేస్తుందో అదే చేయాలి. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. ద్వంద్వయుద్ధాలను ఇప్పుడు మనం ఎలా చూస్తున్నామో, దేశాల మధ్య యుద్ధాన్ని కూడా మనుషులు అలాగే అసహ్యించుకునే కాలం వస్తుందన్నాడు. మనుషుల మధ్య హోదాల మెట్లు సహజమైనవి కావన్నాడు. యూదుల పట్ల అన్యాయాన్ని తప్పుపట్టాడు. బొహీమియాలో జర్మన్, చెక్ మాట్లాడే ప్రజలు సమానులుగా కలిసి బతకాలన్నాడు. ఇవన్నీ నెపోలియన్ యుద్ధాలు సాగుతున్న, అప్పుడే ముగిసిన రోజుల మాటలు.

1819 డిసెంబర్ 24న చక్రవర్తి ఆయన్ని పదవి నుంచి తొలగించాడు. పాఠం చెప్పకూడదు, ప్రసంగించకూడదు, పోలీసుల నిఘా. దానికి తోడు చర్చి విచారణ 1825 దాకా సాగింది. తప్పుడు బోధలు చేశానని రాసిమ్మంటే తన మాటలకు వివరణ ఇస్తానన్నాడు తప్ప చేయని తప్పు ఒప్పుకోలేదు. శిష్యుడు మైకేల్ ఫెజ్ల్‌ను అరెస్టు చేశారు. ఇదంతా రాజకీయమే, దీన్ని నిరూపణలతో ముడిపెట్టడం అతి అని ఎవరైనా అనొచ్చు. రాజకీయం ఉన్న మాట నిజమే. ఆ ఏడాదే జర్మన్ రాజ్యాల్లో విశ్వవిద్యాలయాల గొంతు నొక్కే కార్ల్స్‌బాడ్ ఉత్తర్వులు వచ్చాయి, ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ హయాంలో ప్రతి అధ్యాపకుడూ అనుమానితుడే. అయినా శాంతి రావాలి, మనుషులంతా సోదరులు అన్న ఆశలు ప్రతి చర్చిలోనూ వినబడేవే. వాటికి ఎవరికీ ఉద్యోగాలు ఊడలేదు. బోల్జానో చేసిన పని వేరు. ప్రజలు రాజాజ్ఞ పాటించడానికి ఆధారం ప్రజల మేలే అయితే, ఆ మేలు జరగని చోట ఆధారం ఏమిటన్న ప్రశ్న వినేవాడి మనసులో దానంతటదే పుడుతుంది. ఎందుకని అడగడం నేర్చిన శ్రోతలే ప్రభుత్వానికి అసలు సమస్య. మతం ఆయన్ని అణగదొక్కిందన్న కథ కూడా ఇక్కడే బలహీనపడుతుంది. ఆయన్ని తొలగించింది చక్రవర్తి, ఆదుకున్నవాళ్లలో బిషప్పులున్నారు, ఆయన చివరిదాకా గురువుగానే మిగిలాడు.

మరో అభ్యంతరం కోషీ వైపు నుంచి వస్తుంది. గురువు కాని కోషీ కూడా అదే దారి పట్టాడు గదా, ఇందులో గురుత్వం గొప్పేముంది? గురువు మాత్రమే ఈ పని చేయగలడని ఈ వ్యాసం వాదన కాదు. ఇద్దరూ ఆ చోటికి ఏ దారిన వచ్చారన్నది చూడాలి. కోషీ పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో విశ్లేషణ బోధించేవాడు. విద్యార్థుల ముందు నిలబడి రోజూ నిర్వచనాలు ఇవ్వాల్సిన అవసరం ఆయన్ని తోసింది. బోల్జానోకు గణిత తరగతి లేదు, విద్యార్థులు లేరు, అడిగేవాడు లేడు. ఆయన రోజూ చేసే పని యువకులకు నమ్మకాల గురించి చెప్పడం, ఆ నమ్మకాలకు ఆధారాలు వెతకడం. కాబట్టి కోషీ ఉదాహరణ మన వాదాన్ని పడగొట్టదు. పైగా, అవసరం లేని చోట బోల్జానోకు ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నను మరింత పదునెక్కిస్తుంది. కోషీ బోల్జానోను చూసి రాశాడని 1970లో చరిత్రకారుడు గ్రాటన్ గిన్నెస్ ఆరోపించాడు. మరుసటి ఏడాదే గణితజ్ఞుడు ఫ్రాయ్‌డెంటాల్ దాన్ని ఖండించాడు. రాతలో గట్టి సాక్ష్యమేదీ లేదు. ప్రవాసంలో ఉన్న ఫ్రెంచి రాజకుటుంబం దగ్గరికి కోషీ 1833లో ప్రాగ్ వచ్చాక ఇద్దరూ కలుసుకున్నారు గానీ, అప్పటికి ఇద్దరి పుస్తకాలూ వచ్చి ఏళ్లయింది.

ఉద్యోగం పోయాక బోల్జానో దక్షిణ బొహీమియాలోని త్యెహోబుజ్ పల్లెలో హోఫ్‌మాన్ దంపతుల ఇంట ఆశ్రయం పొంది అక్కడే ఎక్కువకాలం గడిపాడు. ఆస్ట్రియాలో ప్రచురణ కష్టం కావడంతో పెద్ద గ్రంథాలు బవేరియాలోని జుల్జ్‌బాఖ్‌లో అచ్చయ్యాయి. 1837లో వచ్చిన నాలుగు సంపుటాల తర్కగ్రంథం వాటిలో పెద్దది. ఎవరూ తలచుకోకపోయినా, ఎవరూ పలకకపోయినా ఒక ప్రతిపాదన సత్యమో అసత్యమో అయి ఉంటుందన్నది దాని కేంద్రం. 1810లో మొదలైన ఆలోచన పూర్తిగా విప్పుకున్నది ఇందులోనే. మన మనసుకు తోచడంతో సత్యానికి నిమిత్తం లేకపోతే, నాకలా అనిపిస్తోందన్న మాట ఎక్కడా ఆధారం కాదు.

అదే దశాబ్దంలో ఆయన రాతప్రతిలో గీసిన ఒక ప్రమేయం ఈ సంగతిని లెక్కలో చూపిస్తుంది. ఏటవాలుగా ఉన్న ఒక గీత తీసుకోండి. దాని అడ్డం వెడల్పులో 3/8 వంతు దాకా వెళ్లేసరికి ఎత్తులో 5/8 వంతు ఎక్కించండి. సగం దగ్గరికి వచ్చేసరికి సగం ఎత్తుకు దించండి. 7/8 వంతు దగ్గర 9/8 ఎత్తుకు లేపి, చివర మళ్లీ అసలు ఎత్తుకు తెండి. ఒక గీత నాలుగు ముక్కల వంకరటింకర అయింది. ఆ నాలుగింటిలో ప్రతిదానికీ అదే పని చేయండి, పదహారు అవుతాయి. అలా ఆగకుండా వెళితే చివరికి వచ్చే రేఖ ఎక్కడా తెగదు, కానీ దానికి ఏ బిందువు దగ్గరా స్పర్శరేఖ గీయలేం. తెగని గీత అంటే కొన్ని మూలలు తప్ప నున్నటి గీతేనని గణితజ్ఞులంతా నమ్ముతున్న కాలమది. ఏ ఇరుకు భాగం తీసుకున్నా అవకలనం కుదరని బిందువులు దొరుకుతాయని బోల్జానో స్వయంగా చూపాడు. ఎక్కడా కుదరదన్న నిరూపణను 1920ల్లో చెక్ గణితజ్ఞుడు కరేల్ రిఖ్లిక్ పూర్తిచేశాడు. ఇలాంటి ప్రమేయంతో వయర్‌స్ట్రాస్ బెర్లిన్‌లో గణితజ్ఞుల్ని విస్మయపరిచింది 1872లో. బోల్జానో గీసింది నలభై ఏళ్ల ముందు.

ఆయనకూ దాటలేని గీత ఒకటి ఉంది, దాన్ని దాచడం చరిత్రకు న్యాయం కాదు. శిష్యుడు ప్రీహోన్‌స్కీ 1851లో, ఆయన పోయాక, లైప్‌జిగ్‌లో అచ్చువేయించిన అనంతం గురించిన పుస్తకంలో ఒక చిన్న సమీకరణం ఉంది, 5y = 12x. సున్నా నుంచి 5 దాకా ఉన్న ప్రతి x కూ సున్నా నుంచి 12 దాకా ఒక్కటే y జత కుదురుతుంది, ఏదీ మిగలదు. అయినా ఆ రెండు సమితులూ సమానమని ఒప్పుకోవడానికి బోల్జానో సిద్ధపడలేదు, మొత్తం తన భాగం కంటే పెద్దదై ఉండాలి కదా అన్నాడు. జత కుదరడమే సమానత్వమని తర్వాత ప్రకటించింది గియోర్గ్ కాంటర్. ఇక్కడ బోల్జానో కూడా సక్కేరిలాగే ఆగాడంటే సగం నిజం. సక్కేరి ఆగింది తనకు తోచిన బొమ్మ దగ్గర. బోల్జానో ఆగింది పేరు పెట్టి బయట పెట్టిన ఒక నియమం దగ్గర. ఆ నియమం ఏమిటో తెలుసు గనుకనే కాంటర్ దాన్ని ఎంచి తోసిపుచ్చగలిగాడు, బోల్జానో పుస్తకాన్ని పేరుపెట్టి చర్చించగలిగాడు.

చివరి అభ్యంతరం ప్రభావం గురించినది. ఎవరూ చదవని కరపత్రాలు, అచ్చుకాని కాగితాలు చరిత్రను ఎలా మారుస్తాయి? 1848 డిసెంబర్ 18న ఆయన ప్రాగ్‌లో కన్నుమూశాక గణితపు రాతప్రతులు శిష్యుడు రాబర్ట్ జిమ్మర్‌మాన్ చేతికి వెళ్లాయి, ఆయన తత్వశాస్త్రం పట్టుకున్నాడు గానీ వీటిని కదపలేదు. ప్రమేయాల గ్రంథం 1930లో గానీ అచ్చుకాలేదు. కాబట్టి గణితం నడిచిన దారిని బోల్జానో వేశాడనడం అతిశయోక్తి, 1870ల్లో హాంకెల్, ఆ తర్వాత స్టోల్జ్ ఆయన 1817 కరపత్రాన్ని వెలికితీసేసరికే దారి చాలావరకు వేరేవాళ్లు వేసేశారు. ఆయన జీవితం వల్ల తేలే సంగతి మరొకటి. గణితానికి గట్టి పునాది కావాలన్న కోరిక గణితం లోపలి ఇబ్బందుల నుంచే పుట్టిందని మనం సాధారణంగా చదువుకుంటాం. బోల్జానో విషయంలో అది ప్రసంగ వేదిక ఎక్కే ముందు ఒక మనిషి తనకు తాను వేసుకున్న ప్రశ్న నుంచి వచ్చింది. తాను నమ్మినదాన్ని పదిమందికి చెప్పే హక్కు తనకు ఎక్కడిదన్నదే ఆ ప్రశ్న. వేదిక మీదా గణితంలోనూ దానికి జవాబు వెతికే పద్ధతి ఒకటే కావడంతో, చక్రవర్తి వేదిక లాక్కున్నా గణితం ఆగలేదు. వచ్చే భాగంలో మరో గురువు, బెల్జియంకు చెందిన జార్జ్ లెమైత్ర్. విశ్వానికి ఆరంభం ఉందని ప్రతిపాదించిన ఆయన, ఆ ఆరంభాన్ని సృష్టికర్తకు రుజువుగా వాడొద్దని ఎందుకు పట్టుబట్టాడో చూద్దాం.